మోకాలి చిప్పల బలోపేత పథకం

అర్జీ రాయడం చేతకాక కాదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా జిల్లాలోని అర్జీలన్నీ సర్ది, దారం కట్టి, బీరువాల్లో పెట్టే ఉద్యోగమే నాది. కాకపోతే నా సొంత అర్జీకి జతచేయకూడని కాగితం ఒకటి జతచేశాను. నేను చేసిన తప్పు అదొక్కటే. ఇవాళ మా ఆఫీసులో యాభై ఒక్క మంది గోడలు పట్టుకుని నడుస్తున్నారంటే దానికి మూలం ఆ కాగితమే.

మాది జిల్లా పాత దస్త్రాల సంరక్షణ కార్యాలయం. నా సీటు మూడో అంతస్తులో, అరవై ఆరు మెట్ల పైన. లిఫ్టు లేదని చెప్పకూడదు, ఉంది. ఆరేళ్ళ కిందట రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగింది. ఇప్పుడు దాంట్లో పావురాలు కాపురం చేస్తున్నాయి. ఉద్యోగుల మరుగుదొడ్లు రెండూ కింది అంతస్తులోనే. పైన కూడా ఒకటుంది గానీ అది మా డిప్యూటీ డైరెక్టరు గారి గదిని ఆనుకుని ఉంటుంది. దానికి తాళం, ఆ తాళంచెవి ఆయన జేబులో. సిగ్గు విడిచి ఒకసారి అడిగాను.

"అది హోదాకు సంబంధించిన వసతి అమ్మా. వ్యక్తులకు సంబంధించినది కాదు" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

నా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలై రెండేళ్ళయింది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక రకం, దిగేటప్పుడు ఇంకో రకం. కూర్చుని లేస్తే చిప్ప కింద ఇసుక పోసినట్టు గరగర. అందుకని నేనో ఉపాయం కనిపెట్టాను. నీళ్ళు తాగడం మానేశాను. మే నెల ఎండల్లో కూడా పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా రెండు గుక్కలు, అంతే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు మాత్రం ఏడుపొచ్చేది.

కింద ఒక పెద్ద హాలుంది. దాన్నిండా విరిగిన కుర్చీలు, నలభై మూడు. విరిగిన కుర్చీలకి కింద నీడపట్టున చోటిచ్చారు కదా, ఆ మూలే నాకో బల్ల వేయించి పుణ్యం కట్టుకోండని నాలుగు ముక్కలు అర్జీ రాశాను. నొప్పి నిజమేనని నమ్మించడానికి షరీఫా రాసిచ్చిన కాగితం జతచేశాను. ఆ పాపిష్టి కాగితం అదే.

షరీఫా బస్టాండు వెనక చిన్న క్లినిక్కు నడిపే ఫిజియోథెరపిస్టు. నా మోకాలిని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ చిప్పకేం రోగం లేదాంటీ. దాన్ని పట్టుకుని ఉండాల్సిన తొడ కండ బద్ధకించింది, తుంటి కండ కూడా. వాటిని లేపాలంతే" అంది. నాలుగు వ్యాయామాలు రాసిచ్చింది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి అదిమి ఐదు లెక్కపెట్టడం. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా మూరెడు పైకెత్తడం. పక్కకి తిరిగి పడుకుని పై కాలు లేపడం. గోడకి వీపు ఆనించి కొంచెం, కొంచెమే, కిందికి జారి మళ్ళీ లేవడం. ఒక్కోటీ పదిసార్లు. అడుగున ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి మరీ రాసింది: 'నొప్పి వస్తే ఆపేయాలి.'

అర్జీ కిందికి దిగి ఇన్‌వర్డులో నంబరు వేయించుకుని, రెండో అంతస్తుకెక్కి, వివరణ కోసం మళ్ళీ దిగి, ఇరవై రోజుల్లో నాకంటే ఎక్కువ మెట్లు ఎక్కి చివరికి డిప్యూటీ డైరెక్టరు సదానందం గారి బల్ల మీదికి చేరింది.

సదానందం గారు చెడ్డమనిషి కాదు. ఆయనకున్నది ఒక్కటే జబ్బు, ఉత్సాహం. కిందటేడు నవ్వు ఆరోగ్యానికి మంచిదని ఎక్కడో విని, రోజూ పదిన్నరకి అందరం వరండాలో నిలబడి నవ్వాలన్నారు. నవ్వనందుకు ముగ్గురికి సంజాయిషీ మెమోలు ఇచ్చారు. ఆ మెమోలు చదువుకుని వాళ్ళు పడీపడీ నవ్వారు. పథకం విజయవంతమైందని ఆయన నివేదిక పంపించారు.

నన్ను పిలిపించారు. కుర్చీ చూపించారు. అప్పుడే నాకు భయం వేసింది.

"మాణిక్యాంబ గారూ, మీ అర్జీ నా కళ్ళు తెరిపించింది. మీ సీటు మార్చామనుకోండి, ఒక్క మోకాలికి ఉపశమనం. శాఖాపరంగా ఆలోచించండి. మనం యాభై రెండు మందిమి. నూట నాలుగు మోకాళ్ళు. ఒక్క మోకాలి కోసం నూట మూడు మోకాళ్ళని నిర్లక్ష్యం చేయమంటారా?"

"వాటికి నొప్పి లేదు కదా సార్" అన్నాను.

"వచ్చే దాకా చూస్తూ ఊరుకోవడం పరిపాలన అనిపించుకోదు" అన్నారు. నా అర్జీలోంచి షరీఫా కాగితం మాత్రం సుతారంగా ఊడదీసుకున్నారు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. దాన్ని తయారుచేసింది పరిపాలనా విభాగం సూపరింటెండెంటు శేషాచలపతి గారు. ఆయన అన్నం తినమని చెప్పాలన్నా 'భోజనము స్వీకరించవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది' అనే రకం. 'మోకాలి చిప్పల బలోపేత పథకము' అని పైన పెద్దక్షరాలు. కింద వ్యాయామాలు. నేను రెండుసార్లు చదివాను. పది ఉన్నచోటల్లా మూడు వందలుంది. 'కొంచెం జారి' అన్నది 'పూర్తిగా జారి, కుర్చీ లేకున్నను కుర్చీలో ఉన్నట్లు' అయింది. ఎర్ర సిరా వాక్యం అసలు లేనే లేదు.

నొప్పి భరిస్తూ రెండో అంతస్తుకి దిగాను. "ఏవండీ, పదిసార్లన్నది మూడొందలెందుకయింది?"

"పదనేది క్లినిక్కు స్థాయి అంకెండీ. మనది జిల్లా స్థాయి" అన్నారు శేషాచలపతి గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మరి నొప్పి వస్తే ఆపేయాలన్న మాటో?"

"ఉత్తర్వులో ఆపేయాలనే మాట వాడకూడదమ్మా. కొనసాగించాలనే రాయాలి. డీడీ గారే స్వయంగా కొట్టేశారు. కావాలంటే నోటు ఫైల్లో చూడండి, ఆకుపచ్చ సిరా."

"సరే, పోనివ్వండి. నేను మూడొందలు చెయ్యలేను, పదే చేస్తాను."

ఆయన జాలిగా చూశారు. "మీరు అసలు చెయ్యనే కూడదండీ. ఐదో నిబంధన చదవలేదా?"

చదివాను. 'ఇప్పటికే మోకాలి నొప్పి కలిగియున్న ఉద్యోగులు ఈ పథకమునకు అనర్హులు.'

"నొప్పి ఉన్నవాళ్ళ కోసమే కదండీ ఇది పుట్టింది!"

"నొప్పి రాకుండా ఉండటానికండీ. మీకు వచ్చేసింది. మీ కేసు అయిపోయింది" అని ఆయన ఇంకో ఫైలు తీసుకున్నారు.

అనర్హుల జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. దాంట్లో ఒకటే పేరు. టైపు కొట్టినవాడు దాని పక్కన 'ఒకటి' అని వరస నంబరు కూడా వేశాడు. నాకెంత ఒళ్ళు మండిందో చెప్పలేను.

ఇక చిప్పల సంగతి. సర్క్యులరు ఎనిమిదో నిబంధనలో, 'ఉద్యోగి ఒక్కరికి రెండు చిప్పల చొప్పున దృఢముగా ఉండునట్లు స్టోర్సు విభాగము సహా అన్ని విభాగములు తక్షణ చర్యలు తీసుకొనవలెను' అని ఉంది. మిగతా విభాగాలు సంతకం పెట్టి ఊరుకున్నాయి. స్టోర్సు విభాగం మాత్రం చర్య తీసుకుంది. ఒక సోమవారం పొద్దున అటెండరు పోలారావు రెండు గోనెసంచులు మోసుకుంటూ వచ్చి వరండాలో దభీమని దింపాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మెట్లన్నీ ఒక్క దమ్ములో ఎక్కేవాడు.

"ఏంటి పోలారావూ అవి?"

"చిప్పలండీ. స్టీలువి. నూటరెండు. మీకు లేవంటండి, అనర్హులంట కదా." ఒకటి తీసి వేలితో టంగుమనిపించాడు. "దళసరి సరుకండీ. గుడి దగ్గర అడుక్కునేవోళ్ళకి కూడా ఇంత మంచియి ఉండవండి, ఆయ్."

తప్పు జరిగిందని ఎవరైనా ఒప్పుకుంటారేమోనని రెండు రోజులు ఎదురుచూశాను. మూడో రోజున సదానందం గారు సమావేశం పెట్టి ఒక చిప్పని చేత్తో ఎత్తి చూపించారు. "చాలామంది దీన్ని పొరపాటు కొనుగోలు అనుకుంటున్నారు. కాదు. గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు మోకాలి చిప్ప మీద ఈ చిప్ప పెట్టాలి. నిండా నీళ్ళు పోయాలి. చుక్క ఒలక్కూడదు. లోపలి చిప్ప సక్రమంగా ఉందో లేదో బయటి చిప్ప చెబుతుంది. దీన్ని ప్రత్యక్ష పర్యవేక్షణ అంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడం కిందటేటిదే మరో పథకం, ఇంకా రద్దు కాలేదు.

అప్పట్నుంచి పదిన్నరకి వరండా గోడ పొడుగునా యాభై ఒక్క మంది లేని కుర్చీల్లో కూర్చునేవారు. మోకాళ్ళ మీద నూటరెండు చిప్పలు, వాటి నిండా నీళ్ళు. గొంతెండిపోయి నేను బల్ల దగ్గర్నుంచి ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండేదాన్ని. తరవాత కాళ్ళెత్తడం మూడొందలు. లెక్కపెట్టడానికి ఇద్దరు గుమాస్తాలు. అది అయ్యేసరికి భోజనాల వేళ. మధ్యాహ్నం మెట్ల విభాగం, అంటే అరవై ఆరు మెట్లూ ఐదుసార్లు ఎక్కి దిగడం.

నేను ఇంటి దగ్గర పొద్దున్నే షరీఫా చెప్పినట్టే చేశాను. చుట్టిన తువ్వాలు, పదిసార్లు. గోడకి కొంచెమే జారడం, పదిసార్లు. నొప్పి అనిపిస్తే ఆపి కాఫీ తాగేదాన్ని. ప్రభుత్వం వారు చెయ్యొద్దన్న పని చాటుగా చేస్తున్నానని ముందు కిటికీ తలుపులు మూసేదాన్ని. మొదటి మూడు వారాలు ఏమీ తేడా లేదు. షరీఫా మీద విసుక్కున్నాను కూడా. ఆరో వారంలో ఒకరోజు కుర్చీలోంచి లేచాక ఏదో వెలితిగా తోచి ఆలోచిస్తే, గరగర లేదు.

షరీఫాకి చెబుదామని వెళ్ళాను. లోపల బల్లల మీద మావాళ్ళు! స్టోర్సు గుమాస్తా, టైపిస్టు, చివరి బల్ల మీద మొహం గోడకి తిప్పుకుని శేషాచలపతి గారు.

"ఏంటాంటీ ఇది? ఈ నెలలో మీ ఆఫీసోళ్ళు పందొమ్మిది మంది వచ్చారు. ఒక్కళ్ళూ పేరు చెప్పరు. మీ మోకాలా అంటే కాదు, బంధువుల మోకాలంటారు" అంది షరీఫా గొంతు తగ్గించి.

విషయం చెప్పాను. మూడొందలనేసరికి నోరు తెరిచింది. "పది అని రాశాను కదాంటీ! ఆపమని ఎర్రగా రాశాను కదా!"

"ఎరుపు మీద ఆకుపచ్చ సిరా పడిందమ్మా" అన్నాను.

వాళ్ళెందుకు దాచారంటే, నొప్పి ఉందంటే అనర్హుల జాబితాలో, నా పేరు కింద, పేరెక్కుతుంది. ఆ పరువు తక్కువ ఎవరికి కావాలి? అందుకని ఆఫీసులో ఎవరూ కుంటేవారు కాదు. ఒకాయన గోడ మీద పటాలు చూస్తున్నట్టు గోడ పట్టుకుని నడిచేవాడు. ఒకావిడ అడుగడుక్కీ ఆగి ఫోను చూసుకునేది. పోలారావు ఒక్కడే నా దగ్గర నిజం చెప్పాడు. "అమ్మగారూ, ఇన్నాళ్ళూ నాకు మోకాళ్ళున్నాయన్న సంగతే తెలీదండి. ఇప్పుడు పొద్దున లేవగానే ముందు అయ్యే గుర్తొస్తున్నాయండి. మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకండి."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నా అర్జీ కదా.

మూడో నెలలో రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఆయన కోసం అందరూ ఒకేసారి, సదానందం గారితో సహా, గోడకి ఆనుకుని కూర్చున్నారు. సదానందం గారి మోకాళ్ళ మీద రెండు వెండి చిప్పలు. హోదా.

"అద్భుతం! క్షేత్రస్థాయిలో ఇంతటి భాగస్వామ్యం నేను చూడలేదు. ఇక లేవండి" అన్నారు జాయింట్ డైరెక్టరు గారు.

ఎవరూ లేవలేదు.

"లేవచ్చు" అన్నారాయన మళ్ళీ.

సదానందం గారు లేవబోయారు. ఆయన మొహం ఎర్రగా, తరవాత తెల్లగా అయింది. ఎడమ చిప్ప జారి ఖంగుమంది. దాంతో పక్కాయన చిప్పలు, ఆయన పక్కాయనవి. ఆ వరస చివరిదాకా ఖంగు ఖంగుమని నూటరెండు చిప్పలూ పడ్డాయి, వరండా అంతా నీళ్ళు. ఆ నీళ్ళలోకి యాభై ఒక్క మందీ మెల్లగా జారి కూర్చుండిపోయారు. పోలారావు 'అమ్మో' అని కేకపెట్టాడు.

నేను మెట్లకేసి పరిగెత్తాను. వీధి దాటి క్లినిక్కుకి వెళ్ళి షరీఫాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మళ్ళీ అరవై ఆరు మెట్లూ ఎక్కి ఆమెని వరండాలో నిలబెట్టాక గానీ, నేను పరిగెత్తానన్న సంగతి నాకే తెలియలేదు. రెండేళ్ళయింది మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

జాయింట్ డైరెక్టరు గారు నన్నే చూస్తున్నారు. "ఈవిడెవరు?"

"అనర్హురాలండీ" అన్నారు శేషాచలపతి గారు నేలమీద నుంచి.

"అనర్హురాలే ఇలా పరిగెత్తిందంటే!" అని ఆయన పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

పదిహేను రోజుల్లో నివేదిక వచ్చింది. పథకం ఫలితంగా ఒక ఉద్యోగిని సంపూర్ణ స్వస్థత పొందారట. నేను ఉండబట్టలేక సదానందం గారింటికి ఫోను చేశాను. "సార్, నేను పథకంలో లేనే లేను!"

"అక్కడే ఉంది విశేషం. పాల్గొనని మీకే నయమైందంటే పథకం ప్రభావం పరిసరాలకు కూడా వ్యాపించిందన్నమాట" అన్నారాయన మంచం మీద నుంచి.

ఆ వెనకే మూడు కాగితాలు వచ్చాయి. మొదటిది: యాభై ఒక్క మంది ఉద్యోగుల మోకాళ్ళ దృష్ట్యా, డీడీ గారితో సహా అందరి సీట్లు కింది హాలుకు మార్చడమైనది. రెండోది: మాణిక్యాంబ మోకాలు దృఢముగా ఉన్నందున ఆమె మూడో అంతస్తులోనే కొనసాగవలెను, పై అంతస్తు బాధ్యతలు తాళంచెవులతో సహా ఆమెకు అప్పగించడమైనది, కింద కోరిన ఫైళ్ళు ఆమె అందజేయవలెను. మూడోది నా అర్జీ. 'నొప్పి లేనందున పరిష్కరించబడినది' అని ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది. దాంతోపాటు బహుమతి కూడా పంపారు. ఒక స్టీలు చిప్ప. పెళ్ళిళ్ళలో గిన్నెల మీద చెక్కించినట్టు దానిమీద నా పేరు చెక్కించారు. కింది హాల్లో ఒక మూల సీటు అడిగినందుకు, చూశారా, చివరికి నా చేతికి చిప్ప!

ఇంతకీ ఆ హాల్లోని విరిగిన కుర్చీలు ఏమయ్యాయని అడగండి. వాటిని మూడో అంతస్తుకి చేర్చమని ఉత్తర్వు. మోసేవాళ్ళందరి మోకాళ్ళూ మూలపడ్డాయి. నన్నడిగితే ఉత్తర్వులో ఫైళ్ళనే ఉంది, కుర్చీలని లేదన్నాను. దగ్గర్లో తలుపులున్న గదులు రెండే కనిపించాయి వాళ్ళకి. కుర్చీలన్నీ తీసుకెళ్ళి కింది మరుగుదొడ్లు రెండింట్లో పైకప్పు దాకా సర్ది, తాత్కాలికం అని చీటీ అంటించారు.

మర్నాడు పొద్దున నేను పైన ఒక్కదాన్నే. పావురాల కువకువలు తప్ప చప్పుడు లేదు. నా పేరున్న చిప్ప కడుక్కుని, నిండా నీళ్ళు పోసుకుని, గటగటా తాగాను. ఇంకోటి తాగాను. ఆఫీసులో కడుపునిండా నీళ్ళు తాగి రెండేళ్ళు. హోదా గల మరుగుదొడ్డి తాళంచెవి నా బల్ల మీద మేకుకి వేలాడుతోంది.

పదకొండున్నరకి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక అడుగు, ఒక మూలుగు, కాస్త విరామం. మళ్ళీ ఒక అడుగు. పావుగంటకి సదానందం గారి తల కనిపించింది. వెనకాల మలుపులో ఇంకా చాలామంది తలలు. అందరికంటే ముందుండటం ఆయన హోదా.

"మాణిక్యాంబ గారూ... ఆ తాళంచెవి..." అన్నారు, కమ్మీని కౌగిలించుకుని.

అది హోదాకు సంబంధించిన వసతి సార్ అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి అనలేకపోయాను. తాళంచెవి చేతిలో పెట్టాను. "వెళ్ళేముందు ఆ కుర్చీలో ఒక్క నిమిషం కూర్చోండి సార్. ఊపిరి తీసుకోండి. ఇంటి దగ్గర మాత్రం మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని నెమ్మదిగా అదమండి. పదిసార్లే. నొప్పొస్తే ఆపేయండి."

"నొప్పి వస్తే ఆపేయాలా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఈ వాక్యం ఎంత బాగుందమ్మా! ఇంత కీలకమైన వాక్యం సర్క్యులర్లో లేదేం?"

"కొట్టేసింది తమరే సార్."

ఆయన వినలేదు. కళ్ళల్లో మళ్ళీ ఆ వెలుగు వచ్చేసింది. "ఆపేయడం! జిల్లావ్యాప్తంగా ఆపేయడం! రోజుకి మూడొందలసార్లు ఆపేస్తే..." అంటూ తాళంచెవి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో జేబుల్లో ఆకుపచ్చ పెన్ను కోసం వెతకసాగారు.

నేను తాళంచెవి తీసుకుని చీరకొంగున ముడేసుకున్నాను.